టెక్సాస్‌లో క్రిస్టియన్ స్కూలు: కొత్తగా వచ్చిన తెలుగు తల్లిదండ్రులకు

డాలస్ చుట్టుపక్కల ఊళ్లలో కొత్తగా కాపురం పెట్టిన తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఆదివారం ఆరాధన ముగిశాక నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటాయి: పిల్లలను ఇంటి దగ్గరి పబ్లిక్ స్కూలుకు, అంటే ప్రభుత్వ బడికి పంపాలా, క్రిస్టియన్ స్కూలులో చేర్చాలా? మా పిల్లలను రెండు రకాల బడులలోనూ చదివించిన తల్లిగా నాకు తెలిసినది ఇక్కడ రాస్తున్నాను. అన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవలసినది, ఇక్కడి క్రిస్టియన్ స్కూలు మనం ఎరిగిన కాన్వెంటు కాదు.

మన ప్రాంతంలో మిషన్ బడి అంటే ఊరందరి బడి. 1843లో మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ పెట్టిన బడిలో చదివినవారిలో హిందూ కుటుంబాల పిల్లలే ఎక్కువ. నేను చదివిన బడిలోనూ ఉదయం ప్రార్థన, వారానికి ఒకటి రెండు నీతి పాఠాలు పోను మిగతా చదువంతా ప్రభుత్వ సిలబస్సే. ఇక్కడి క్యాథలిక్ బడులు కొంతవరకు ఈ పద్ధతికి దగ్గరగా ఉంటాయి, ఇతర మతాల పిల్లలనూ చేర్చుకుంటాయి. ప్రొటెస్టెంట్ బడులలో కొన్ని ఎవరినైనా చేర్చుకుంటాయి. మరికొన్ని తల్లిదండ్రులు విశ్వాసులై ఉండాలనీ, పాస్టరు గారి లేఖ తేవాలనీ నియమం పెట్టుకుని, సైన్సునూ చరిత్రనూ సైతం బైబిలు దృష్టితోనే బోధిస్తాయి.

ఈ చివరి రకం బడిలో విశ్వాస ప్రకటన (ఆ బడి నమ్మే సిద్ధాంతాలు రాసిన పత్రం) మీద సంతకం చేయమంటారు. మేము గుంటూరు లూథరన్ సంఘం నుంచి వచ్చినవాళ్లం. మా అమ్మాయికి మూడో నెలలోనే బాప్తిస్మం ఇప్పించాం. ఆఫీసు బల్ల మీద నాలుగు పేజీల కాగితాలు పెట్టినప్పుడు, సీటు దొరికిందన్న సంతోషంలో నేను నేరుగా చివరి పేజీ తిప్పి సంతకం పెట్టేశాను. నెల తిరగకుండానే, రెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి బైబిలు క్లాసు నోట్సు పట్టుకుని వంటింట్లోకి వచ్చి, "అమ్మా, నేను నీళ్లలో మునగలేదు కదా, నాది బాప్తిస్మం కాదా?" అని అడిగింది. పొయ్యి కట్టేసి దాని పక్కన కూర్చున్నాను కానీ, వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. నీళ్లలో ముంచితేనే బాప్తిస్మమన్న ఆ బోధ మూడో పేజీలో స్పష్టంగానే రాసి ఉంది. అందుకే మీరు ఆ పత్రాన్ని ఇంటికి తెచ్చుకుని, భార్యాభర్తలిద్దరూ కూర్చుని, బాప్తిస్మం, సృష్టి, పరిశుద్ధాత్మ వరాలు, విడాకులు వంటి విషయాల్లో మీ సంఘం బోధకూ ఆ బడి బోధకూ ఎక్కడ తేడా వస్తుందో నిదానంగా చదవండి.

పబ్లిక్ స్కూలులో దేవుడి పేరే ఎత్తకూడదని కొందరు చెప్పే మాట నిజం కాదు. 1962, 1963 సంవత్సరాల సుప్రీంకోర్టు తీర్పులు ఆపినది బడి తరఫున జరిపించే ప్రార్థననూ, భక్తి కోసం చేయించే బైబిలు పఠనాన్నీ మాత్రమే. పిల్లవాడు భోజనానికి ముందు తనంతట తాను ప్రార్థించుకోవచ్చు. పాఠ్యాంశాలతో సంబంధం లేని ఇతర విద్యార్థి క్లబ్బులకు చోటిచ్చే హైస్కూలు బైబిలు క్లబ్బుకూ చోటివ్వాలని 1984 నాటి చట్టం చెబుతోంది. అలాగే మతపరమైన ప్రైవేటు బడిని ఎంచుకునే హక్కు తల్లిదండ్రులకుందని సుప్రీంకోర్టు 1925లో ఆరెగాన్ కేసులోనే తేల్చింది. భయంతో కాక, మీ పిల్లలకు ఏది మేలో చూసుకుని నిర్ణయించుకోవడానికి చట్టం రెండు వైపులా దారి ఇచ్చింది.

ఖర్చు సంగతి. పబ్లిక్ స్కూలులో హెచ్-4 వీసా (హెచ్-1బి ఉద్యోగుల భార్యాభర్తలకూ పిల్లలకూ ఇచ్చేది) మీద వచ్చిన పిల్లలకూ ఫీజు లేదు. క్రిస్టియన్ స్కూలులో ఫీజుతో పాటు దరఖాస్తు రుసుము, పుస్తకాలు, యూనిఫాం ఉంటాయి. చాలా చోట్ల బస్సు ఉండదు. రెండో బిడ్డకు తగ్గింపు, ఆదాయాన్ని బట్టి సహాయం ఇస్తారేమో మొహమాటపడకుండా అడగండి. ప్రైవేటు చదువుకు రాష్ట్ర సొమ్ము ఇచ్చే చట్టం టెక్సాస్‌లో 2025లో వచ్చింది, 2026-27 నుంచి అమలు. మీ వీసాకు అది వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోండి.

మాట ఆలస్యమైన పిల్లలు, చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలు ఉన్న ఇళ్లవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పబ్లిక్ స్కూలు అలాంటి పిల్లలకు ప్రత్యేక ప్రణాళిక రాసి, థెరపీ ఉచితంగా ఇవ్వవలసి ఉంటుంది. ప్రైవేటు బడికి వెళ్లే బిడ్డకు ఆ హక్కు అంత పూర్తిగా దక్కదు. పబ్లిక్ స్కూళ్లను నడిపే స్కూలు డిస్ట్రిక్టు చేత ఉచితంగా పరీక్ష చేయించుకోవచ్చు, కానీ పబ్లిక్ స్కూలులో ఇచ్చే సేవలన్నీ ప్రైవేటు బడి పిల్లలకు రావు. టెక్సాస్‌లో ప్రైవేటు బడికి గుర్తింపు తప్పనిసరి కాదు గనుక, ఏ సంస్థ గుర్తింపు ఉందో కాగితం చూపించమనండి.

ఉద్యోగ అనుమతి లేక ఇంట్లో ఉన్న తల్లులు కొందరు ఇంటి చదువు వైపు మొగ్గుతున్నారు. ఇంటి బడి కూడా ప్రైవేటు బడేనని టెక్సాస్ సుప్రీంకోర్టు 1994లో ఖరారు చేసింది. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, గణితం, పౌరనీతి నేర్పితే చాలు. వారంలో రెండు మూడు రోజులు బడిలో, మిగతా రోజులు ఇంట్లో చదివించే క్రిస్టియన్ స్కూళ్లూ ఉన్నాయి. ఒంటరిగా మోయలేమనుకునే తల్లులకు ఇది మంచి మార్గమని నా అభిప్రాయం.

బడి ఆగస్టులో తెరిచినా, చాలా చోట్ల సీట్ల పని చలికాలంలోనే మొదలవుతుంది. డిపాజిట్ కట్టే ముందు, చాపెల్ (బడిలో పిల్లలందరూ కలిసి చేసే ఆరాధన) జరిగే రోజున పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి ఆరాధన మొత్తం వెనుక వరుసలో కూర్చోండి. తిరిగి వచ్చేటప్పుడు కారులో, వాళ్లకు ఏమి అర్థమైందో తెలుగులోనే చెప్పించుకోండి.