ఎండ, అంటువ్యాధి, అల్లర్లు: వరంగల్ ఇళ్ళలో తీసుకోవలసిన జాగ్రత్తలు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న మాట వరంగల్ వాసులకు కొత్తగా చెప్పనక్కరలేదు. మే నెలలో ఎండ 43, 44 డిగ్రీలకు చేరడం ఇక్కడ మనం తరచు చూస్తున్నదే. అదే నెలలో ఊరిలో అంటువ్యాధి తిరుగుతూ, దానికి తోడు బందులు, అల్లర్లు కూడా వచ్చి పడితే ఇల్లు నడపడం కష్టమవుతుంది. ఎందుకంటే ఎండకు కిటికీలు మూయాలి, వ్యాధికి తెరవాలి, గొడవకు గడియ పెట్టాలి. ఒకదాని కోసం పడిన జాగ్రత్త మరొకదానికి చేటు తెస్తుంది గనుక, ఏ పని ఏ వేళలో చేయాలో ముందే నిర్ణయించుకోవడం తప్ప వేరే మార్గం లేదు.

తెల్లవారుజామున అయిదు గంటల నుంచి ఎనిమిది వరకు తలుపులు, కిటికీలు అన్నీ తెరిచి ఉంచి, రాత్రంతా ఇంట్లో నిలిచిన గాలిని బయటికి పోనివ్వాలి. వంట, బట్టలు ఉతకడం, అంట్లు తోమడం ఆ వేళలోనే ముగించుకుంటే పొయ్యి వేడి మధ్యాహ్నపు వేడికి తోడు కాదు. పది దాటాక ఎండ పడే వైపు కిటికీలకు తడిపిన గోనె సంచులో మందపాటి దుప్పట్లో కట్టి, నీడ ఉన్న వైపు కిటికీని మాత్రం ఓరగా ఉంచాలి. రేకుల ఇళ్ళలో ఇది కూడా చాలదు; వృద్ధులను, పసిపిల్లలను ఆ నాలుగైదు గంటలు చెట్టు నీడకో పక్కనున్న స్లాబు ఇంటి వరండాలోకో చేర్చడం మేలు. అక్కడ కూడా పెద్దలకు మాస్కు, అందరికీ ఎడం తప్పనిసరి.

మన ఇళ్ళలో ఏసీల కంటే కూలర్లే ఎక్కువ. అంటువ్యాధి కాలంలో ఇది ఒక విధంగా మంచిదే. ఏసీ గదిలోని గాలినే మళ్ళీ మళ్ళీ తిప్పుతుంది. కిటికీకి బిగించిన కూలర్ బయటి గాలిని లోపలికి తెస్తుంది. అయితే ఎదురుగా ఒక కిటికీ కనీసం జానెడు తెరిచి ఉంటేనే ఆ గాలికి దారి ఉంటుంది. లేకపోతే గది ఉక్కపోసి, రోగి దగ్గు తుంపరలు అక్కడే తిరుగుతాయి. గది మధ్యలో పెట్టిన కూలర్‌కు ఈ గుణం లేదు. తొట్టిలో నీళ్ళు వారానికి రెండుసార్లయినా పూర్తిగా పారబోసి, గడ్డిని ఎండబెట్టకపోతే దోమలు చేరి, ఒక రోగం తప్పించుకోబోయి డెంగీని తెచ్చుకున్నట్టవుతుంది. చాలామందికి తట్టని సంగతి మరొకటి ఉంది. వీధిలో టైర్లు కాలుస్తున్నప్పుడు గాని, పోలీసులు బాష్పవాయువు వదిలినప్పుడు గాని అదే కూలర్ ఆ పొగనంతా లాగి ఇంట్లో నింపుతుంది. పొగ కనిపించగానే ముందు కూలర్ ఆపి, తరువాత కిటికీలు మూయాలి. కళ్ళు మండితే నలపకుండా ధారాళంగా నీళ్ళతో కడుక్కొని, బట్టలు మార్చుకోవాలి.

జ్వరం వచ్చినప్పుడు అది వ్యాధిదా, వడదెబ్బదా అన్నది తేల్చుకోవడంలో ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది. ఎండలో తిరిగి వచ్చినవారికో, ఉక్కగదిలో ఉన్నవారికో ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ అనుకొనే కదలాలి. పారాసెటమాల్ ఆ వేడిని దించదు. వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోస్తూ విసరాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకుండా 108కు ఫోన్ చేయాలి. దగ్గు, గొంతునొప్పితో మొదలైన జ్వరమైతే ఆక్సీమీటర్ పెట్టి చూడాలి, 94 కంటే తగ్గితే వైద్యుణ్ణి సంప్రదించాలి. కూలర్ ముందు కూర్చొని చల్లబడ్డ వేళ్ళకు అది తప్పు అంకె చూపిస్తుంది. చేతులు రుద్దుకొని, కాసేపు ఆగి చూడటం మంచిది. రోగికి నీళ్ళు, సల్ల, అంబలి తరచుగా ఇవ్వాలి. విరేచనాలు కూడా ఉంటే లీటరు నీళ్ళలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి, కలిపి తాగించవచ్చు. రోజుకు పదిసార్లు కషాయం, ఆవిరి అంటూ మరిగే నీళ్ళ దగ్గర పిల్లలను కూర్చోబెట్టే అలవాటు మాత్రం నాకు నచ్చదు. కాలిన గాయాలు ఆ పొయ్యి దగ్గరే మొదలవుతాయి.

సరుకుల విషయానికి వస్తే, 2021 మే 12న తెలంగాణలో లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఉదయం 6 నుంచి 10 గంటల వరకే సడలింపు ఉండటంతో ఊరంతా ఆ నాలుగు గంటల్లోనే కిరాణం దుకాణాల ముందు గుమిగూడింది. ఆ తోపులాట మళ్ళీ రాకుండా రెండు వారాలకు సరిపడే బియ్యం, పప్పులు, నూనె, ఒక నిండు గ్యాస్ సిలిండర్, బీపీ, షుగర్ మందులు నెలకు సరిపడా ముందే తెచ్చుకోవాలి. శానిటైజర్ మండే పదార్థం, కాబట్టి దాన్ని పొయ్యికి దూరంగా ఉంచాలి. ఇంట్లో ఉన్నప్పుడు సబ్బే చాలు. బ్లీచింగ్‌ను బాత్రూము కడిగే యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది. ఇన్సులిన్ వాడేవారు కరెంటు పోయినప్పుడు సీసాను మూత బిగువుగా ఉన్న డబ్బాలో పెట్టి, నీళ్ళు పోసిన కుండలో ఉంచితే వేడి నుంచి కాపాడుకోవచ్చు. మంచుగడ్డకు నేరుగా ఆనించకూడదు.

ఊరిలో గుంపులు చేరకూడదని నిషేధాజ్ఞలు విధించవచ్చు; జనం ఇప్పటికీ 144 సెక్షన్ అంటున్నదే 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163వ సెక్షన్‌గా మారింది. సాయంత్రం అరుగుల మీద పదిమంది చేరి ముచ్చట్లాడుకోవడం కూడా అప్పుడు గుంపు కిందికే రావచ్చు, అంటువ్యాధికి అదే అదను కూడా. డాబా మీద పడుకోవడం గాలికి మంచిదైనా, రాళ్ళు పడే అవకాశమున్న రాత్రుల్లో వీధి వైపు గోడకు దూరంగా ఇంట్లోనే పడుకోవాలి. శివనగర్ వైపువారు, అండర్ బ్రిడ్జి దగ్గర ఊరేగింపు ఆగిపోతే ఎంజీఎం ఆసుపత్రికి ఏ దారిన పోవాలో పగలే చూసి పెట్టుకోవాలి. డయాలసిస్ చేయించుకునేవారు, నెలలు నిండిన గర్భిణులు వైద్యుని చీటీ దగ్గర పెట్టుకుంటే నాకాబందీ దగ్గర ఆలస్యం తగ్గుతుంది. గర్భిణులకు 102 వాహనం ఉంది.

ఇంటర్నెట్ ఆపేస్తే ఫోన్‌పే, గూగుల్‌పే పనిచేయవు. వంద, యాభై నోట్లు కొన్ని ఇంట్లో ఉండాలి. వాట్సాప్‌లో వచ్చిన పాత వీడియో ఒకటి వాడవాడలా తిరిగి, ఊళ్ళో లేని గొడవను తెచ్చిపెట్టగలదు గనుక, ఎక్కడ, ఎప్పుడు తీశారో తెలియనిదాన్ని ముందుకు పంపకపోవడమే మంచిది. 108, 112, కరెంటుకు 1912, దగ్గరి బంధువుల నంబర్లు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, ఫ్రిజ్ తలుపు మీద అంటించాలి. ఫోన్ చార్జింగ్ అయిపోయిన వేళ, పక్కింటివారి ఫోన్ అడిగి తెచ్చుకున్న తాతమ్మకు కూడా అది చదవగలిగేలా ఉండాలి.