చిన్న షిప్‌లో దీవుల ట్రిప్: మాత్ర వేసుకున్నా వాంతులు ఎందుకు ఆగట్లేదు, ఇంకా కొన్ని సమస్యలు - పరిష్కారాలు

టోపీ పెట్టుకోండి, పాస్‌పోర్ట్ మర్చిపోకండి లాంటివి ఇక్కడ రాయట్లేదు, అవి మీకు తెలుసు. గలాపగోస్, ఫిజీ, తాహితీ చుట్టుపక్కల, ఇండోనేషియాలో కొమోడో, సీషెల్స్, ఇలాంటి చోట్ల వంద మంది లోపు పట్టే చిన్న షిప్‌లలో తిరిగేవాళ్ళకి మళ్ళీ మళ్ళీ వచ్చే సమస్యలు ఇవి. బయల్దేరే ముందు ఒక్క కాగితం సరిగ్గా చదివితే వీటిలో చాలా వరకు అసలు రావు. బుక్ చేసుకున్నాక కంపెనీ పంపే రోజువారీ ప్లాన్ ఉంటుంది కదా, అదే. అందరూ అందులో ఏ దీవిలో ఏ జంతువు కనిపిస్తుందో చూస్తారు గానీ షిప్ ఎన్నింటికి కదుల్తుంది, ఎన్ని గంటలు నడుస్తుంది అనేది ఎవరూ చూడరు. దయచేసి అది చూడండి.

సమస్య: మాత్ర వేసుకున్నాం, అయినా మొదటి రాత్రే వాంతులు

ఎక్కువ మంది "నాకు మాత్రలు పనిచేయవు, నా ఒళ్ళే అంత" అని తేల్చేస్తారు. చాలా సార్లు అది నిజం కాదు. మాత్ర మంచిదే, వేసుకున్న టైమే తప్పు.

మొదటి రోజు ఎలా జరుగుతుందో చూడండి. మధ్యాహ్నం మూడు, నాలుగింటికి షిప్ ఎక్కుతారు, ఎక్కగానే జాగ్రత్తగా మాత్ర వేసుకుంటారు. షిప్ దీవి చాటున లంగరు వేసి ఉంటుంది, గాలి తగలదు, అల ఉండదు, గ్లాసులో నీళ్ళు కూడా కదలవు. లైఫ్ జాకెట్ డ్రిల్ అవుతుంది, కెప్టెన్ పరిచయాలు అవుతాయి, కడుపు నిండా డిన్నర్, పైన ఒక గ్లాసు వైన్, "అబ్బే ఏం లేదు, అనవసరంగా భయపడ్డాం" అనుకుని పడుకుంటారు. రాత్రి పదిన్నరకో పదకొండుకో లంగరు గొలుసు గరగరా పైకి లేస్తుంది, అరగంటలో షిప్ దీవి చాటు దాటి నడిసముద్రంలోకి వస్తుంది. అక్కడి నుంచి బల్ల మీద పెట్టిన కళ్ళజోడు ఆ చివరికి జారుతుంది, ఈ చివరికి జారుతుంది, బాత్రూమ్ తలుపు టపటపా కొట్టుకుంటుంది. తెల్లారేవరకూ అదే. పొద్దున్నే ఇంకో దీవి చాటుకి చేరాక మళ్ళీ అంతా ప్రశాంతం.

చిన్న షిప్‌లు పగలు దీవుల మీద తిప్పి రాత్రి ప్రయాణం చేస్తాయి, గలాపగోస్‌లో అయితే ఇది మామూలే. అందుకే టైము షిప్ ఎక్కినప్పటి నుంచి లెక్కపెట్టకూడదు, షిప్ దీవి చాటు వదిలే టైము నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. డైమెన్‌హైడ్రినేట్ అనే మాత్ర నాలుగు నుంచి ఆరు గంటలే పనిచేస్తుంది, నాలుగింటికి వేసుకున్నది పదకొండింటికి అయిపోయి ఉంటుంది, మీకు అవసరం మొదలయ్యేదే అప్పుడు. మెక్లిజైన్ అయితే గంట ముందు, దాని ప్రభావం చాలా ఎక్కువసేపు ఉంటుంది. సినరిజైన్ అయితే రెండు గంటల ముందు. చెవి వెనక అంటించే స్కోపాలమైన్ ప్యాచ్ కనీసం నాలుగు గంటల ముందు, ఒక్కటి మూడు రోజులు వస్తుంది.

ఇప్పుడు అసలు దొంగ కారణం. సరే, రాత్రి కదలిక మొదలైంది, కడుపులో తిప్పుతోంది, అప్పుడు లేచి మాత్ర వేసుకుంటారు. అది పనిచేయదు. ఎందుకంటే వికారం మొదలయ్యాక కడుపు లోపలిది కిందికి పంపడం బాగా నెమ్మదిస్తుంది. మాత్ర ఒంటికి పట్టేది పొట్ట దాటి పేగుల్లోకి వెళ్ళాకే, ఇక్కడ అది పొట్టలోనే కూర్చుంటుంది, పావుగంటలో వాంతితో బయటికి వచ్చేస్తుంది. ఇంకోటి వేస్తారు, అదీ అంతే. పొద్దున్నే ఖాళీ స్ట్రిప్ చూపించి "నాలుగు వేసుకున్నా, ఏం పనిచేయలేదు" అంటారు. అందులో ఒంట్లోకి ఎంత వెళ్ళిందో ఎవరికీ తెలీదు, మీరు లెక్కపెట్టుకుని ఇంకా వేసుకోవడం కూడా ప్రమాదమే. ఆ పరిస్థితి దాకా వస్తే షిప్‌లో డాక్టర్ ఉంటే ఇంజెక్షన్ అడగండి, లేకపోతే డెక్ మీద మధ్య భాగంలో చల్లగాలికి కూర్చుని దూరంగా సముద్రం ఆకాశం కలిసే గీత చూడండి, చీకట్లో అది కనపడకపోతే వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకోండి. ఫోన్ మాత్రం చూడకండి. లోపలి చెవి కదులుతున్నామని చెప్తుంటే కళ్ళు కదలట్లేదని చెప్తాయి, ఆ గొడవకే కదా ఈ వికారం అంతా, ఫోన్ చూస్తే అది ఇంకా పెరుగుతుంది.

ఇదే సమస్యకి ఇంకో కారణం కూడా చాలా కనిపిస్తుంది: మాత్రే తప్పు. ఇంట్లో వాంతులకి వాడే ఓండాన్‌సెట్రాన్ తెచ్చుకుంటారు. అది కడుపు ఇన్‌ఫెక్షన్‌కి, కీమోథెరపీ వాంతులకి మంచి మందు, కానీ కదలిక వల్ల వచ్చే వికారాన్ని ముందుగా ఆపడంలో దాని వల్ల లాభం లేదు, దారి వేరు. అలాగే "అలర్జీ మాత్రలే కదా ఇవి కూడా" అని సెటిరిజైన్, ఫెక్సోఫెనడిన్ తెచ్చుకునేవాళ్ళు ఉన్నారు. నిద్ర రాకుండా తయారుచేసిన ఆ కొత్త రకాలు దీనికి పనిచేయవు, మెదడు దాకా చేరే పాత రకాలే పనిచేస్తాయి, అందుకే వాటితో నిద్ర వస్తుంది. ఆ నిద్ర మీకు ఎంత వస్తుందో ట్రిప్‌కి ముందు ఇంట్లో ఒక సెలవు రోజు వేసుకుని చూసుకోండి, బండి నడపాల్సిన రోజు కాదు. దాంతో పాటు మద్యం తాగడం అసలు వద్దు.

ప్యాచ్ గురించి ఒక మాట, ఎందుకంటే ఇది వేడి ప్రాంతాల ట్రిప్. స్కోపాలమైన్ చెమటని తగ్గిస్తుంది. ఒళ్ళు వేడెక్కి ప్రమాదం అవ్వచ్చని అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ 2025 జూన్‌లో ప్రత్యేకంగా హెచ్చరిక చేర్పించింది, ముఖ్యంగా పిల్లలు, అరవై దాటినవాళ్ళ విషయంలో. మధ్యాహ్నం ఎండలో కొండ ఎక్కే ప్రోగ్రాం ఉంటే ఇది చిన్న విషయం కాదు. చెమట ఆగిపోయి ఒళ్ళు కాలిపోతుంటే ప్యాచ్ తీసేసి నీడకి రండి, వెంటనే సిబ్బందికి చెప్పండి. గ్లాకోమా (కంటి లోపల ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్ళు, ప్రోస్టేట్ వల్ల మూత్రం కష్టంగా వచ్చేవాళ్ళు ముందు డాక్టర్ని అడగాలి, గర్భిణులు, పిల్లలకైతే ఏ మందైనా అడిగే ఇవ్వాలి. అంటించాక చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ వేలితో కన్ను ముట్టుకుంటే కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది, దాన్ని చూసి పక్షవాతం అనుకుని కంగారుపడినవాళ్ళు ఉన్నారు.

గది విషయం కూడా ఇక్కడే. కింద డెక్‌లో మధ్య గది తీసుకోండి. ముందు వైపు గది చూడ్డానికి బాగుంటుంది గానీ అల ఎక్కినప్పుడల్లా ఎక్కువ లేచి పడేది అదే. ఐదారు సెకన్లకి ఒకసారి పైకీ కిందికీ జరిగే కదలిక మనిషిని అన్నిటికంటే ఎక్కువ తిప్పుతుంది. "మా షిప్‌కి స్టెబిలైజర్లు (ఊగుడు తగ్గించే పరికరాలు) ఉన్నాయి" అంటే అవి ఏ రకమో కూడా అడగండి, రెక్కల లాంటి మామూలు స్టెబిలైజర్లు షిప్ నడుస్తున్నప్పుడే పనిచేస్తాయి, లంగరు మీద ఆగి ఉన్నప్పుడు పక్క నుంచి అల వస్తే ఊగుడు ఊగుడే. ఇంకా సీజన్ చూసుకోండి, గలాపగోస్‌లో ఆగస్టు, సెప్టెంబర్‌లో సముద్రంలో అలల పోటు ఎక్కువగా ఉంటుంది, సీషెల్స్‌లో మే నుంచి సెప్టెంబర్ వరకు ఆగ్నేయ గాలులు. చాలామందికి రెండు మూడు రోజుల్లో ఒళ్ళు అలవాటు పడిపోతుంది, ఆ మొదటి రెండు రాత్రులు సరిగ్గా దాటించుకుంటే చాలు.

సమస్య: రెండో రోజే షూ సోల్ ఊడిపోయింది

ఇది కూడా చాలా చూశా. "పెద్దగా వాడనేలేదు, కొత్తవే" అంటారు. వాడకపోవడమే సమస్య. చాలా ట్రెకింగ్ షూలలో మధ్య పొర పాలీయురెథేన్, అది గాల్లో తేమకి ఏళ్ళ తరబడి బీరువాలో ఉన్నా లోపల్లోపల కుళ్ళిపోతుంది. పైకి మెరుస్తూనే ఉంటుంది, లావా రాయి మీద నాలుగడుగులు వేయగానే పెచ్చులు పెచ్చులుగా రాలిపోయి అడుగు పలక నోరు తెరుస్తుంది. అక్కడ దీవిలో షూ షాప్ ఉండదు. బయల్దేరే రెండు వారాల ముందే సోల్‌ని రెండు చేతులతో బాగా వంచి చూడండి, పక్కన పగుళ్ళు కనిపించినా, గోరుతో నొక్కితే పొడి రాలినా వదిలేయండి. బాగానే ఉంటే వాటిని తడిపి రెండు మూడు రోజులు నడిచి చూడండి.

రోజువారీ ప్లాన్‌లో వెట్ ల్యాండింగ్ అని రాసి ఉంటే రబ్బరు బోటు లోంచి మోకాలి లోతు నీళ్ళలోకి దిగాలి, దానికి వెనక పట్టీ ఉన్న చెప్పులు కావాలి, హవాయి చెప్పులు ఇసుకలో ఉండిపోతాయి. డ్రై ల్యాండింగ్ అంటే రాళ్ళ మీదకో జెట్టీ మీదకో దిగడం, దానికి షూ. బోటు ఎక్కేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని సిబ్బంది మణికట్టు పైన గట్టిగా పట్టుకోండి, వేళ్ళు పట్టుకుంటే జారిపోతాయి.

సమస్య: డ్రై బ్యాగ్‌లో పెట్టినా ఫోన్ తడిసింది

డ్రై బ్యాగ్ అంటే మూతి మడిచి మూసే, నీళ్ళు చొరని సంచి. మూతి ఒక్క మడతే వేశారు, అంతే. గాలి నొక్కేసి, మూతి అంచుల మధ్య ఇసుక తుడిచి, కనీసం మూడు మడతలు వేసి క్లిప్ పెట్టాలి. ఇంట్లో ఒకసారి లోపల టిష్యూ పేపర్ వేసి బకెట్‌లో ముంచి చూడండి. ఎంత మందికి చెప్పినా ఈ బకెట్ టెస్ట్ ఎవరూ చేయరు.

సమస్య: కెమెరా పాడైంది, అంతా మబ్బుగా వస్తోంది

పాడవ్వలేదు. గదిలో ఏసీ 20, 22 దగ్గర పెట్టుకుంటారు, బయట 30 డిగ్రీలు, తేమ 80 శాతం. అలాంటి గాల్లో 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీరు పడుతుంది, లెన్స్ మీదా అంతే. తుడిస్తే మళ్ళీ పడుతుంది. రాత్రే గదిలో ఉండగానే జిప్ కవర్‌లో పెట్టి మూసేసి, బయటికి వెళ్ళే అరగంట ముందు కవర్‌తో సహా డెక్ మీద పెట్టండి, వేడెక్కాకే కవర్ తెరవండి. ఆ టైములో లెన్స్ మార్చొద్దు, నీరు లోపలికి పోతుంది.

సమస్య: సన్‌స్క్రీన్ రాసుకున్నా ఒళ్ళు కాలిపోయింది

మామూలు కారణం స్నార్కెలింగ్, అంటే గొట్టంతో గాలి పీలుస్తూ నీటి మీద తేలి కిందికి చూడడం. ముఖం నీళ్ళలో, వీపూ మోకాళ్ళ వెనక భాగమూ గంటసేపు నడినెత్తి ఎండలో. పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకోండి, ఎన్ని సార్లు రాసుకున్నా దాని ముందు దిగదుడుపే. ఇంకో కారణం డాక్సీసైక్లిన్. సోలమన్ దీవులు, వనువాటు, పపువా న్యూ గినియా వైపు వెళ్ళేవాళ్ళకి మలేరియా రాకుండా ఇస్తారు, అది వేసుకునేవాళ్ళలో కొందరికి కాస్త ఎండకే చర్మం కమిలిపోతుంది. ఆ మాత్ర నిండు గ్లాసు నీళ్ళతో వేసుకుని అరగంట పాటు పడుకోకూడదు కూడా, లేకపోతే గొంతు గొట్టం పుండవుతుంది, సముద్రం కుదుపుతుంటే వెంటనే పడుకోవాలనిపిస్తుంది కాబట్టి పగలు భోజనంతో వేసుకోండి. తిరిగొచ్చాక నాలుగు వారాలు వాడాలి, మధ్యలో ఆపేయకండి. సన్‌స్క్రీన్ కొనేటప్పుడు ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ లేనిది చూసి కొనండి, పలావ్ 2020 జనవరి నుంచి పగడాలకి హాని చేసే రసాయనాలున్న సన్‌స్క్రీన్‌లని దేశంలోకే రానివ్వట్లేదు.

సమస్య: షిప్ వెళ్ళిపోయింది

కారణం, షిప్ బయల్దేరే రోజే ఫ్లైట్ దిగేలా బుక్ చేసుకోవడం. కనీసం ఒక రాత్రి ముందే చేరండి, తర్వాతి దీవికి వారానికి రెండే ఫ్లైట్లు ఉండచ్చు. పసిఫిక్‌లో అయితే తేదీ రేఖ (దాటితే తేదీ ఒక రోజు మారే గీత) కూడా చూసుకోండి. హవాయి, తాహితీ, కుక్ దీవులు ఒక వైపు, ఫిజీ, టోంగా, సమోవా ఇంకో వైపు, ఇటు నుంచి అటు వెళ్తే ఒక తేదీ ఎగిరిపోతుంది. సమోవా 2011లో వైపు మార్చుకుంది, ఆ ఏడు అక్కడ డిసెంబర్ 30 అనే రోజే లేదు. పక్కనే ఉన్న అమెరికన్ సమోవాకి దానికీ అరగంట ఫ్లైట్, 24 గంటల తేడా. టికెట్ మీద దిగే తేదీ వేలు పెట్టి చదవండి, ఎక్కే తేదీ కాదు.

మధ్యలో వేరే దేశంలో దిగి మళ్ళీ ఎక్కేదుంటే సింగిల్ ఎంట్రీ వీసా సరిపోదు. ఎల్లో ఫీవర్ టీకా అవసరమైతే, టీకా వేసుకున్న పదో రోజు నుంచే దాని సర్టిఫికెట్ చెల్లుతుంది, చివరి వారం వేయించుకుంటే లాభం లేదు. 2016 జూలై నుంచి ఒక్కసారి వేసుకుంటే జీవితాంతం చెల్లుతుంది, పాత కార్డు మీద పదేళ్ళ గడువు రాసి ఉన్నా సరే.

చిన్నవి

సూట్‌కేస్ గదిలో పట్టట్లేదు: గట్టి పెట్టె తెచ్చారు, మెత్తటి బ్యాగ్ తెస్తే ఖాళీ చేసి మడిచి మంచం కింద తోసేయొచ్చు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగేసుకున్నారు: అందులో సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు ఒక్కసారిగా పెరిగితే ఆపే భాగం) ఉంది, షిప్ వైరింగ్ ఇంటి వైరింగ్ లాంటిది కాదు, అక్కడ అది వేడెక్కి అంటుకోవచ్చు, సర్జ్ లేని సాదా యూఎస్‌బీ చార్జర్ తెచ్చుకోండి. ఇన్సూరెన్స్ ఉంది కదా: అందులో మెడికల్ ఎవాక్యుయేషన్ ఉందో లేదో చదవండి, మారుమూల దీవి నుంచి ఆస్పత్రికి విమానంలో తీసుకెళ్ళే ఖర్చు వేరే కథ. దిగాక కూడా నేల ఊగుతోంది: మామూలే, ఒకటి రెండు రోజుల్లో పోతుంది, వారాల తరబడి ఉంటే డాక్టర్‌కి చూపించండి, అది చాలా అరుదు.

షార్క్‌లు, సముద్రపు దొంగలు, తుఫానులో మునగడం గురించి అడుగుతారు. వాటి గురించి మీరు ప్రిపేర్ అవ్వాల్సిందేమీ లేదు. తుఫాను సీజన్‌లో బుక్ చేసుకోకుండా ఉంటే చాలు, దక్షిణ పసిఫిక్‌లో అది నవంబర్ నుంచి ఏప్రిల్. ఆ టైము వదిలేసి, కంపెనీకి ఒక మెయిల్ పెట్టండి: "ఏ రాత్రుల్లో ఎన్నింటికి కదుల్తారు, దీవి చాటు లేని ప్రయాణం ఎన్ని గంటలు?" జవాబు వచ్చాక ఆ టైముల్ని ఒక చీటీ మీద రాసి, ఒక్కోదాని పక్కన మాత్ర వేసుకోవాల్సిన టైము రాసి, మాత్రల డబ్బాకే అంటించేయండి.