బిలిరుబిన్ ద్రావణం కలిపే ముందు జాగ్రత్తలు

కణాల మీద ప్రయోగానికి బిలిరుబిన్ (ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమైనప్పుడు ఏర్పడే పసుపు వర్ణకం) కలిపేటప్పుడు, మొదట గదిలో వెలుతురు తగ్గించండి. కాంతి తగిలితే బిలిరుబిన్ అణువు రూపం మారుతుంది, ఆక్సీకరణ కూడా మొదలవుతుంది. ట్యూబులన్నిటికీ అల్యూమినియం ఫాయిల్ చుట్టి సిద్ధంగా పెట్టుకోండి.

ఫ్రీజర్ నుంచి తీసిన సీసా గది ఉష్ణోగ్రతకు వచ్చాకే మూత తీయాలి, లేదంటే పొడికి చెమ్మ పడుతుంది.

అణుభారం 584.66. అంటే 2.92 మిల్లీగ్రాములను 1 మి.లీ. డీఎంఎస్ఓలో (డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రావకం) కరిగిస్తే గాఢత 5 మిల్లీమోలార్. నీళ్లలో కరగదు. 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌లో కరుగుతుంది కానీ క్షారంలో త్వరగా పాడవుతుంది. ఆ దారి తప్పనిసరైతే కలిపిన వెంటనే వాడేయండి.

అసలు చిక్కు ఈ ద్రావణాన్ని బఫర్‌లో (ఆమ్ల-క్షార స్థాయి మారకుండా ఉంచే ద్రావణం) కలిపేటప్పుడే. ఆల్బుమిన్ (బిలిరుబిన్‌ను పట్టి ఉంచే రక్తప్రోటీన్) లేని బఫర్‌లో పోస్తే సన్నటి పసుపు నలక తేలుతుంది, లెక్కవేసిన గాఢత ఇక ఉండదు. ఆల్బుమిన్ మోల్స్ బిలిరుబిన్ కంటే ఎక్కువ ఉండాలి. కలియబెడుతూ చుక్కచుక్కగా వేయండి. 5 మిల్లీమోలార్ ద్రావణాన్ని 10 మైక్రోమోలార్‌కు 500 రెట్లు పలుచన చేస్తే డీఎంఎస్ఓ 0.2 శాతం, పోలిక కోసం బిలిరుబిన్ లేకుండా ఉంచే కంట్రోల్ కణాలకూ డీఎంఎస్ఓ అంతే ఇవ్వాలి.

ఆకుపచ్చ ఛాయ కనిపిస్తే బిలిరుబిన్ ఆక్సీకరణ చెంది బిలివర్డిన్ అనే ఆకుపచ్చ పదార్థం ఏర్పడినట్టే, పారబోయండి.

450 నానోమీటర్ల కాంతి ఎంత పీల్చబడిందో రీడింగ్ తీసే పరీక్ష కిట్లతో మరీ జాగ్రత్త: బిలిరుబిన్ కూడా అక్కడే కాంతిని పీలుస్తుంది. బిలిరుబిన్ ఉండి కణాలు లేని బ్లాంక్ (రీడింగ్‌లోంచి తీసేయడానికి వాడే పోలిక నమూనా) తప్పనిసరి.