పురాతన కార్చిచ్చుల బొగ్గు నమూనాలు తీసే ముందు జాగ్రత్తలు

ముక్కను కదిలించకముందే అది ఉన్న పొరను, లోతును, పడి ఉన్న దిశను రాసుకుని ఫోటో తీయాలి. ఒకసారి పెకలించాక ఆ సమాచారాన్ని ఏ ప్రయోగశాలా తిరిగి ఇవ్వలేదు.

నల్లగా కనిపించినదల్లా కాలిన కలప కాదు. మాంగనీసు మరకలూ, భూమి ఒత్తిడికి నేలబొగ్గుగా మారిన కలపా కంటిని సులువుగా మోసగిస్తాయి. కట్టెబొగ్గుకు పట్టులాంటి మెరుపు ఉంటుంది, తాకితే మసి అంటుతుంది. అయినా ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పక్కపక్క కణాల గోడలు ఒకటిగా కలిసిపోయి కనిపించేదాకా తీర్పు ఆపడమే మేలు.

బొగ్గు నీటిపై తేలుతూ కొట్టుకుపోగలదు కనుక, దొరికిన చోటే మంట చెలరేగిందని అనుకోకూడదు.

రేడియోకార్బన్ పరీక్ష చెప్పేది కలప పెరిగిన కాలాన్ని, కాలిన కాలాన్ని కాదు. అందుకే, మంటకు చాలా ఏళ్ల ముందే పెరిగి ఉండగల మాను లోపలి చేవకన్నా సన్నని కొమ్మలను ఎంచుకోవాలి. ఈ పద్ధతి సుమారు 50,000 ఏళ్ల దాకానే పనికొస్తుంది. వేల్స్, పోలండ్‌లలో దొరికిన దాదాపు 43 కోట్ల ఏళ్లనాటి బొగ్గు వంటివాటికి చుట్టూ ఉన్న రాతి వయసే ఆధారం.

కాలనిర్ణయానికి పంపే ముక్కను కాగితంలోగాని దూదిలోగాని చుట్టకుండా అల్యూమినియం రేకులో ఉంచాలి, ఎందుకంటే వాటి పోగులు కొత్త కార్బన్‌ను చేరుస్తాయి. మొక్కల సన్నని వేర్లు ముక్కలోకి చొచ్చుకుపోయాయేమో కూడా చూడాలి.