కారు డిటైలింగ్ మనమే చేసుకుందాం – 4వ పాఠం: పాలిషింగ్ మెషీన్, నల్ల ప్లాస్టిక్‌కు డ్రెసింగ్

కిందటి పాఠంలో క్లే బార్ (పెయింట్‌కు అంటుకున్న రేణువులను లాగేసే మెత్తటి ముద్ద) పట్టడం దాకా వచ్చాం. తడి బానెట్ మీద అరచేయి ఆనించి జరిపితే ఎక్కడా గరుకు తగలకూడదు. ఇంకా తగులుతోందంటే మళ్లీ క్లే పట్టాకే ఈ పాఠానికి రండి. రేణువులు మిగిలిన పెయింట్ మీద మెషీన్ తిప్పితే పాత గీతలు పోకపోగా కొత్తవి పడతాయి.

మెషీన్ కొనేముందు అది దేన్ని అరగదీస్తుందో తెలియాలి. చాలా కార్లకు ఫ్యాక్టరీలో వేసిన పెయింట్ పొరలన్నీ కలిపినా 100 నుంచి 140 మైక్రాన్ల లోపే ఉంటాయి. అందులో అన్నిటికన్నా పైన ఉండే క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక కూడా సాధారణంగా అంతకన్నా లావుగానే ఉంటుంది. రంగు ఎండకు వెలిసిపోకుండా కాపాడేది ఆ పొరే. కాంపౌండ్ (ప్యాడ్‌కు వేసి రుద్దే, పెయింట్‌ను అరగదీసే మందు) గీతను పూడ్చదు. గీత అడుగు ఎంత లోతుందో అంతదాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను అరగదీస్తుంది. అరిగింది మళ్లీ రాదు. అందుకే గోటికి తగిలే గీతను పూర్తిగా పోగొట్టాలని పట్టుపట్టకండి. అంచులు నున్నబడి కంటికి తగ్గితే చాలు.

ఇక మెషీన్లు. రోటరీలో ప్యాడ్ ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. బాడీ షాపుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. బాగా కోస్తుంది, అంటే పెయింట్‌ను త్వరగా అరగదీస్తుంది, వేడీ అంతే పుట్టిస్తుంది. డోరు అంచు మీదో, బానెట్ మీది మడత గీత మీదో కొన్ని క్షణాలు నిలిస్తే కింది పొర బయటపడుతుంది. నల్ల కారును ఎండలో పెడితే కనిపించే పొగలాంటి చారలు ఈ మెషీన్‌ను సరిగా తిప్పకపోవడం వల్ల వచ్చేవే. రోటరీతో అద్భుతంగా పనిచేసేవాళ్లున్నారు, ఆ పనితనం మీద నాకు గౌరవం ఉంది. మొదటి మెషీన్‌గా మాత్రం దాన్ని ఎవరికీ చెప్పను. డ్రిల్లుకు బిగించుకునే ప్యాడ్ కూడా రోటరీ కిందికే వస్తుంది, పైగా పట్టు కుదరదు. అది అసలు వద్దు.

మీకు కావాల్సింది డ్యూయల్ యాక్షన్ మెషీన్. అందరూ డీఏ అంటారు. ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూనే పక్కలకు ఊగుతుంది కాబట్టి వేడి ఒకేచోట చేరదు. గట్టిగా నొక్కితే తిరగడం ఆగిపోతుంది, ఊగడం ఒక్కటే మిగులుతుంది. కొత్తవాళ్ల పెయింట్‌ను కాపాడేదీ, వాళ్లను విసిగించేదీ ఈ గుణమే. బ్యాకింగ్ ప్లేట్ (ప్యాడ్ అంటుకునే గుండ్రటి పలక) అంచున మార్కర్‌తో ఒక అడ్డగీత గీసుకోండి. పని చేస్తున్నంతసేపూ ఆ గీత తిరగడం కంటికి ఆనాలి. మార్కర్ గీత నిలబడిపోయిందంటే ఆ చోట పెయింట్ మీది గీతలు పోవడం దాదాపు ఆగిపోయినట్టే. చెయ్యి కాస్త తేలిక చేయండి, ప్యాడ్‌ను ప్యానెల్ మీద సమంగా ఆనించండి, మళ్లీ తిరుగుతుంది.

డీఏ కొనేటప్పుడు వాట్ల కన్నా ముందు త్రో అడగాలి. ప్యాడ్ ఊగే వెడల్పు అది. 8, 15, 21 మిల్లీమీటర్లలో ఎక్కువగా దొరుకుతాయి. 21 త్రో పెద్ద ఎస్‌యూవీ బానెట్ మీద, రూఫ్ మీద హాయిగా పోతుంది, బంపర్ వంపుల దగ్గర మొరాయిస్తుంది. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో చదునైన జాగా తక్కువ. అందుకని 5 అంగుళాల ప్లేటున్న 15 త్రో మెషీన్ నా ఎంపిక. ఈ 15, 21 త్రోల వాడకం పెరగడంలో ఇటలీ కంపెనీ రూపెస్ తెచ్చిన బిగ్‌ఫుట్ మెషీన్లది పెద్ద పాత్ర. ఇప్పుడు చవకలోనూ అదే కొలతల్లో చాలా వస్తున్నాయి. నొక్కినా ఆగకుండా గేర్‌తో తిరిగే డీఏలూ ఉన్నాయి, వాటిలో వేడి ఎక్కువ కాబట్టి చెయ్యి తిరిగాక చూద్దాం. కొట్లో మెషీన్‌ను భుజం ఎత్తున కాసేపు పట్టుకుని చూడండి. డోర్ల దగ్గర బరువు చేతికి తెలుస్తుంది. స్పేర్ ప్లేట్ దొరకని మెషీన్ ఎంత చవకైనా తీసుకోకండి.

మెషీన్ మీద మిగిల్చిన డబ్బు ప్యాడ్ల మీద పెట్టండి. కోతలో వూల్, మైక్రోఫైబర్ ముందుంటాయి, ఫోమ్ మృదువు. ఫోమ్‌లోనూ గట్టివి, మెత్తవి ఉంటాయి. రంగు చూసి మోసపోవద్దు, ఒక కంపెనీ నారింజ రంగు ఇంకో కంపెనీలో అదే పని చేయదు. బొటనవేలితో నొక్కి చూడండి. 5 అంగుళాల ప్లేటుకు ఐదున్నర అంగుళాల ప్యాడ్ సరిపోతుంది, అంచు బయటికి ఉండటం వల్ల ప్లేటు పెయింట్‌కు తగలదు. ఒకే ప్యాడ్‌తో కారంతా చేయాలనుకోకండి. కాంపౌండ్ పిప్పి పట్టిన ప్యాడ్ కోయడం మానేసి వేడెక్కుతుంది. అరడజను ఉంటే నిశ్చింత.

ఏ ప్యాడ్, ఏ కాంపౌండ్ అన్నది మీ కారే చెప్పాలి. నీడలో, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ మీద అడుగున్నర చదరం టేపుతో కట్టుకోండి. మన వేసవి ఎండలో మందు నిమిషంలో ఎండి పొడి అయిపోతుంది. మొదట మెత్తటి ఫోమ్ ప్యాడ్ మీద సన్న పాలిష్ (కాంపౌండ్ కన్నా తక్కువ అరగదీసేది) శనగగింజంత చుక్కలు నాలుగు వేసి మెషీన్ తిప్పండి. తుడిచాక నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఇంకోసారి తుడవండి. పాలిష్‌లోని నూనె గీతలను దాచేస్తుంది, అది పోయాకే అసలు సంగతి తెలుస్తుంది. టార్చ్ ఏటవాలుగా పట్టి చూడండి. గీతలు మిగిలితేనే ఒక మెట్టు గట్టి ప్యాడ్‌కు వెళ్లండి.

మెషీన్ ఆన్ చేసేముందే నల్ల ప్లాస్టిక్ అంతటికీ మాస్కింగ్ టేప్ వేయాలి. వైపర్ల కింది పలక, అద్దాల అడుగు, క్లాడింగ్ (బాడీ కింది అంచుల వెంట ఉండే నల్ల ప్లాస్టిక్ పట్టీ) ఏదీ వదలొద్దు. ఆ ప్లాస్టిక్ పైన తోలు మీది గీతల్లాంటి సన్న నగిషీ ఉంటుంది. కాంపౌండ్ అందులో దూరి ఎండిందంటే తెల్లటి చారలు పడతాయి, గుడ్డతో తుడిస్తే ఇంకా లోపలికి పోతాయి. మెత్తటి బ్రష్, పలచన చేసిన ఆల్ పర్పస్ క్లీనర్ పెట్టి నగిషీ వెంట రుద్దాల్సిందే.

డ్రెసింగ్ అంటే వెలిసిన ప్లాస్టిక్‌కు నలుపు తెచ్చే పూత. దాని విషయంలోనూ శుభ్రమే ముందు. ఈ ప్లాస్టిక్ చాలావరకు పాలీప్రొపిలీన్. అతినీలలోహిత కిరణాలు పైపొరను విరగ్గొట్టడంతో బూడిద రంగుకు తిరుగుతుంది. కడిగి ఆరాక తెల్లగుడ్డతో గట్టిగా తుడిచి చూడండి. గుడ్డకు మరక అంటుతుంటే ఇంకా కడగాలి, లేకపోతే డ్రెసింగ్ ఆ మురికికే అంటుకుని దానితోపాటే పోతుంది.

పాలలా తెల్లగా ఉండేవి నీటితో చేసిన డ్రెసింగులు. ఆరాక జిడ్డు లేకుండా, కొత్త ప్లాస్టిక్ ఉండే మసక నలుపు వస్తుంది. కొన్ని వాష్‌లకు పోతుంది, మళ్లీ రాసుకోవాలి. సాల్వెంట్‌తో చేసినవి తళతళలాడతాయి, దుమ్మును పట్టేస్తాయి. మన రోడ్లకు నేను నీటితో చేసిందే చెబుతాను. నెలల తరబడి నిలవాలంటే ఈ నల్ల ప్లాస్టిక్ మీద గట్టిపడే ట్రిమ్ కోటింగులున్నాయి కానీ పూత హెచ్చుతగ్గులైతే మచ్చలుగా కనిపిస్తుంది, తీయడం కష్టం. డీజిల్, కిరోసిన్ రాసే అలవాటు చాలాచోట్ల ఉంది. దయచేసి వద్దు. డోర్ల చుట్టూ ఉండే రబ్బరు సీళ్లు పెట్రోలియం నూనెకు ఉబ్బి పాడవుతాయి. హీట్ గన్ పెడితే నల్లబడుతుంది కానీ నగిషీ కరిగిపోతుంది, కొన్నాళ్లకు బూడిద రంగు మళ్లీ తేలుతుంది.

డ్రెసింగ్‌ను ప్లాస్టిక్ మీద స్ప్రే చేయకుండా స్పాంజి మీద వేసుకుని పలచగా రాయండి. ఐదు, పది నిమిషాలాగి ఎక్కువైంది తుడిచేయండి. తుడవకపోతే మొదటి వానకే డోరు మీద చారలుగా కారుతుంది. టైరుకు పక్కగోడల వరకే. రోడ్డును తాకే భాగానికీ, బ్రేక్ డిస్క్‌కూ, పెడళ్లకూ, స్టీరింగ్‌కూ తగలనివ్వకండి. డాష్‌బోర్డ్‌కు మెరిసేది రాస్తే ఎండలో ముందు అద్దంలో ప్రతిబింబం పడి రోడ్డు సరిగా కనబడదు.

5వ పాఠంలో మెషీన్ నడిపే వేగం, చేతి ఒత్తిడి నేర్చుకుంటాం. ఆలోగా మీ బానెట్ మీద టెస్ట్ చదరం ఒకటి పూర్తిచేసి, ఏ ప్యాడ్‌తో గీతలు పోయాయో కాగితం మీద రాసి పెట్టుకోండి.