బుల్లెట్ దించేటప్పుడు: రైఫిల్ రీలోడింగ్‌లో సీటింగ్ తేడాలు, జాగ్రత్తలు

వాడుకలో తూటా, బుల్లెట్ ఒకటే అనేస్తాం. రీలోడింగ్ (కాల్చిన కేసులను మళ్లీ నింపి తూటాలు చేయడం) బల్ల మీద అలా కుదరదు. ఇక్కడ బుల్లెట్ అంటే కేసు (ఇత్తడి గొట్టం) మెడలో కూర్చునే లోహపు ముక్క మాత్రమే. కేసు, ప్రైమర్ (పౌడర్‌కు నిప్పు రేపే చిన్న మూత), పౌడర్, బుల్లెట్ నాలుగూ కలిస్తేనే తూటా. ఈ జాగ్రత్తలన్నీ ఆ ముక్కను మెడలోకి దించే చివరి పని, అంటే సీటింగ్ గురించి, అదీ చట్టం అనుమతించిన చోట, అనుమతి ఉన్నవాళ్ల కోసం.

చివరి పని కాబట్టి అంతకుముందు చేసిన పొరపాట్లన్నీ ఇక్కడే బయటపడతాయి. బుల్లెట్ వంకరగా దిగినా, వదులుగా ఉన్నా, తూటా పొడవు ఒక్కోదానికి ఒక్కోలా వస్తున్నా చాలామంది వెంటనే సీటింగ్ డై (బుల్లెట్‌ను దించే అచ్చు) స్క్రూ తిప్పడం మొదలుపెడతారు. తప్పు ఎక్కువసార్లు డైలో ఉండదు, కేసు మెడలో ఉంటుంది. మెడను చూడకుండా స్క్రూ తిప్పితే ఉన్న తేడాకు ఇంకో తేడా తోడవుతుంది.

లోతు గురి కోసమే అనుకోవద్దు. బుల్లెట్ ఎక్కువ లోతుకు దిగితే కేసులో ఖాళీ తగ్గుతుంది, పేలినప్పుడు ఒత్తిడి పెరుగుతుంది. అలాగని మరీ పైకి వదిలేస్తే బుల్లెట్ బ్యారెల్‌లోని రైఫ్లింగ్ గట్లకు ముందే ఆనుకుంటుంది, అప్పుడూ ఒత్తిడి పెరుగుతుంది. పైగా అలా ఇరుక్కున్న తూటాను కాల్చకుండా బయటికి లాగితే బుల్లెట్ బ్యారెల్‌లోనే ఉండిపోయి, పౌడరంతా యాక్షన్‌లో (బోల్టు కదిలే భాగంలో) ఒలికిపోతుంది. గట్లకు కనీసం 0.020 అంగుళాలు, అంటే సుమారు అర మిల్లీమీటరు ఎడం ఉంచి మొదలుపెట్టడం మంచిది. బుల్లెట్ రకం మారినా, కేసు తయారీదారు మారినా, రీలోడింగ్ మాన్యువల్ చెప్పిన ప్రారంభ పౌడర్ మోతాదు నుంచే మళ్లీ మొదలుపెట్టాలి. పాత లెక్క పనికిరాదు.

బుల్లెట్ చేతిలోకి తీసుకునే ముందు

పౌడర్ పోసిన కేసులన్నీ ట్రేలో నిలబెట్టి, పైనుంచి లైటు వేసి ప్రతి దాని లోపలికీ చూడండి. పౌడర్ మట్టం ఒకే ఎత్తులో కనిపించాలి. తక్కువ మోతాదు లోడ్లలో రెండుసార్లు పోసినా కేసు పొర్లదు, కాబట్టి పొర్లలేదన్న ధైర్యం చాలదు. అసలు పౌడర్ లేని కేసు ఇంకో రకం ప్రమాదం. ప్రైమర్ బలానికే బుల్లెట్ బ్యారెల్‌లోకి కొంత దూరం వెళ్లి ఆగిపోవచ్చు, దాని వెనక ఇంకో తూటా పేల్చితే రైఫిల్ పగలొచ్చు.

కేసుల పొడవు కూడా కొలవాలి. .308 విన్‌చెస్టర్‌కు గరిష్ఠం 2.015 అంగుళాలు, కత్తిరించాల్సిన కొలత 2.005. .223 రెమింగ్టన్‌కు ఇవే 1.760, 1.750. కళ్లద్దాలు తప్పనిసరి. టీవీ, ఫోన్ పక్కన పెట్టండి, ఈ పనిలో లెక్క తప్పితే చెప్పేవాళ్లుండరు.

డై బిగించడం

ఎక్కువ సమస్యలు పుట్టేది ఇక్కడే. చాలా సీటింగ్ డైలలో లోపల క్రింప్ చేసే, అంటే కేసు మూతిని లోపలికి నొక్కి బిగించే అంచు ఒకటి ఉంటుంది. డైని మరీ కిందికి బిగిస్తే బుల్లెట్ ఇంకా దిగుతుండగానే ఆ అంచు కేసు మూతిని నొక్కేస్తుంది. మూతికి బుల్లెట్ అడ్డం, నొక్కుడికి వేరే దారి లేదు, దాంతో భుజం (మెడ కింద కేసు వెడల్పయ్యే చోటు) దగ్గర కేసు ఉబ్బుతుంది. కంటికి ఆనని ఉబ్బు చాలు, తూటా చాంబర్‌లోకి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది) పోదు. బోల్టును బలవంతంగా మూయాల్సిన చోట ఆపేయండి.

సరైన పద్ధతి ఇది. పౌడర్, ప్రైమర్ రెండూ లేని కేసును ప్రెస్ షెల్ హోల్డర్‌లో (కేసు అడుగును పట్టే భాగం) పెట్టి ర్యామ్‌ను (కేసును పైకి నెట్టే కడ్డీ) పూర్తిగా పైకి తీసుకురండి. డైని మెల్లగా తిప్పుతూ దించండి, మూతికి తగిలిన స్పర్శ వేలికి తెలుస్తుంది. అక్కడి నుంచి ఒక పూర్తి చుట్టు వెనక్కి తిప్పి లాక్ రింగ్ బిగించండి. మామూలు డైకి అంగుళానికి 14 మరలు కాబట్టి ఒక చుట్టు అంటే సుమారు 0.071 అంగుళాలు. క్రింప్ మూతికి దూరంగా ఉండటానికి అది చాలు. స్టెమ్ (డై లోపల బుల్లెట్‌ను కిందికి నొక్కే కడ్డీ) స్క్రూ మర మాత్రం కంపెనీని బట్టి మారుతుంది. దాన్ని లెక్కతో కాదు, ప్రతి చిన్న తిప్పుకూ క్యాలిపర్ పెట్టి సరిచూడాలి.

స్టెమ్ బుల్లెట్‌ను ఎక్కడ పట్టుకుంటోందో చూడటానికి చవకైన ఉపాయం ఉంది. బుల్లెట్ ముక్కు వంపంతా మార్కర్‌తో నల్లగా పూసి, పౌడర్, ప్రైమర్ లేని డమ్మీ కేసులో దించండి. బయటికి తీస్తే నలుపులో ఒక సన్నటి మెరిసే వలయం కనిపిస్తుంది. ఆ వలయం వంపు మీద, కొనకు దూరంగా ఉండాలి. వలయం లేకుండా కొన దగ్గర మాత్రమే నలుపు చెదిరితే, సూదికొన ఉన్న పొడవాటి బుల్లెట్ కొన స్టెమ్ అడుగుకు గుద్దుకుంటోందని అర్థం. అలాంటప్పుడు పొడవులు ఎప్పటికీ కుదరవు. ఆ బుల్లెట్ ఆకారానికి తగిన స్టెమ్ తెప్పించుకోవడం తప్ప వేరే మార్గం చూడొద్దు. స్టెమ్ లోపల మెత్తటి కొనల సీసం పేరుకున్నా ఇదే ఫలితం, కాబట్టి ముందు దాన్ని తుడిచి చూడండి.

చేతికి తెలిసే సంగతులు

బుల్లెట్ ప్రతిసారీ ఒకే ప్రతిఘటనతో దిగాలి. ఒకటి వెన్నలా జారి, ఇంకొకటి గట్టిగా పట్టేస్తే ఆ రెండింటినీ పక్కన పెట్టండి.

గట్టిగా పట్టేయడానికి మామూలు కారణం మూతి లోపలి అంచు చాంఫర్ చేయకపోవడం, అంటే ఏటవాలుగా చెక్కకపోవడం. చదునైన అడుగు ఉన్న బుల్లెట్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. మూతి చుట్టూ సన్నటి రాగి చుట్ట లేస్తే సందేహమే లేదు. చాంఫర్ పనిముట్టును రెండు మూడు తేలికపాటి తిప్పులతో ఆపండి. కత్తి అంచులా పలచబడితే మూతి లోపలికే మడుచుకుంటుంది. స్టీలు పిన్నులతో మిలమిల మెరిసేలా కడిగిన కేసుల్లో మెడ లోపలి మసి పొర కూడా పోతుంది, అప్పుడు లోహం మీద లోహం పట్టేస్తుంది. పొడి గ్రాఫైట్ కొద్దిగా రాస్తే తీరుతుంది. నూనె వద్దు, అది పౌడర్‌ను పాడుచేస్తుంది.

దించుతుంటే కరకరలాడే శబ్దం వస్తే పౌడర్ నలుగుతోంది. మాన్యువల్ ఆ లోడ్‌ను నొక్కుడు లోడ్‌గా చెప్పి ఉంటే ఫరవాలేదు. చెప్పకపోతే అక్కడే ఆగి తూకం మళ్లీ చూడాలి. నొక్కుడు లోడ్లలో బుల్లెట్ కొన్ని నిమిషాల్లో మెల్లగా పైకి లేవడం మామూలే, కాబట్టి అరగంట తర్వాత ఇంకోసారి కొలవండి.

ఏ కారణం చేతనైనా హ్యాండిల్ మీద బరువు వేయాల్సి వస్తే ఆపండి. కింద ప్రైమర్ ఉందని మర్చిపోవద్దు.

వదులు బుల్లెట్

ఇది గట్టి బుల్లెట్ కంటే ప్రమాదం, ఎందుకంటే ఇది కనిపించదు. మ్యాగజైన్‌లోంచి ఎక్కేటప్పుడు గుద్దుకుని బుల్లెట్ లోపలికి జారిపోతుంది. పరీక్ష తేలిక. ఒక డమ్మీ తూటా పొడవు రాసుకుని, ముక్కును బల్ల అంచుకు ఆనించి గట్టిగా నొక్కి మళ్లీ కొలవండి. ఆటోలోడర్ (తర్వాతి తూటాను తనంతట తానే ఎక్కించుకునే రైఫిల్) అయితే ఆ డమ్మీనే మ్యాగజైన్ నుంచి ఎక్కించి, తీసి కొలవండి. పొడవు తగ్గితే మెడ పట్టు లేదు.

మెడ లోపలి వ్యాసం బుల్లెట్ కంటే సుమారు 0.002 అంగుళాలు తక్కువ ఉండాలి, ఆటోలోడర్లకు 0.003 మేలు. ఆ పట్టు లేదంటే ఎక్స్‌పాండర్ (మెడ లోపలి వ్యాసాన్ని సరిచేసే గుండు) పెద్దదై ఉండొచ్చు, లేదా చాలాసార్లు కాల్చిన ఇత్తడి గట్టిపడి, సైజింగ్ (కేసును మళ్లీ పాత కొలతకు నొక్కడం) తర్వాత మళ్లీ విచ్చుకుంటూ ఉండొచ్చు. రెండోదానికి మందు ఎనీలింగ్, అంటే మెడను వేడిచేసి ఇత్తడిని మెత్తబరచడం. బుల్లెట్ వ్యాసం కూడా సరిచూడండి. .308, .311 అంగుళాల వ్యాసం బుల్లెట్ల పెట్టెలు తారుమారైతే .308 బ్యారెల్‌లో .311 బుల్లెట్ వెళ్లి ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది.

వదులును క్రింప్‌తో కప్పిపుచ్చాలనుకోవద్దు. అతిగా క్రింప్ చేస్తే ఇత్తడి కొంత వెనక్కి విచ్చుకుంటుంది, నలిగిన బుల్లెట్ మాత్రం అలాగే ఉంటుంది, పట్టు ఇంకా తగ్గుతుంది. బుల్లెట్‌పై క్యానెలూర్ గాడి ఉండి, కేసులన్నీ ఒకే పొడవుంటేనే క్రింప్ చేయండి. అదీ సీటింగ్ అయ్యాక, వేరే దఫాలో.

కొలతలో మోసం

తూటా మొత్తం పొడవు ముక్కు కొన దాకా కొలుస్తాం. కొనలు, ముఖ్యంగా హాలో పాయింట్లవి, ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి. మొత్తం పొడవు 0.010 అంగుళాలు అటూ ఇటూ అయినా సీటింగ్ బాగానే ఉండొచ్చు. కంపారేటర్‌తో (క్యాలిపర్‌కు తగిలించే కొలత ముక్క) తూటా అడుగు నుంచి ఓజైవ్ (ముక్కు వంపు) దాకా కొలిస్తే అసలు సంగతి తెలుస్తుంది. అక్కడ 0.003 లోపు తేడా ఉంటే చాలు. మ్యాగజైన్‌లో పట్టడం మాత్రం మొత్తం పొడవును బట్టే ఉంటుంది కాబట్టి రెండు కొలతలూ రాసుకోండి. మొదటి ఐదింటినీ కొలిచి, ఆపైన ప్రతి పదోదాన్ని కొలవండి. తేడా వస్తే వెనకటి పదీ మళ్లీ చూడాలి.

అనుమానం వచ్చిన తూటాను బుల్లెట్ పుల్లర్‌తో విప్పేయండి, కళ్లద్దాలతోనే. సుత్తి రకం పుల్లర్‌ను చెక్క మీద కొట్టండి, కేసును పట్టుకోవడానికి దానికి చెప్పిన కాలెట్‌నే వాడండి. బయటికి వచ్చిన పౌడర్ ఏ డబ్బాదో కచ్చితంగా తెలిస్తేనే అందులోకి తిరిగి పోయండి. తెలియకపోతే పారేయాల్సిందే, ఎంత మిగిలినా సరే.