అర్ధరాత్రి రైలు మారే ప్రయాణం: పాయింట్ల టికెట్లలో వచ్చే చిక్కులు, పరిష్కారాలు

ఐఆర్‌సీటీసీ ఖాతా ఉండి, టికెట్ తీసుకోవడం తెలిసి, రైల్వే క్రెడిట్ కార్డు మీద కొన్ని పాయింట్లు పోగుచేసుకున్నవారి కోసం ఇది రాస్తున్నాను. ఒక రైలు దిగి, రాత్రి ఏ విజయవాడలోనో గుంతకల్లులోనో ఆగి, ఇంకో రైలెక్కాల్సిన ప్రయాణాల గురించే చెబుతాను. సరిచేయమని నా దగ్గరకు తెచ్చే టికెట్లలో ఎక్కువవాటి జబ్బు ఒక్కటే. అది టికెట్ మీదే అచ్చయి ఉంటుంది. అయినా చూడరు.

కాబట్టి ఏ చిక్కు వచ్చినా ముందు ఈ పని చేయండి. రెండు టికెట్లూ పక్కపక్కన పెట్టుకోండి. మొదటి టికెట్‌లో రైలు చేరే తేదీ, సమయం పైకి చదవండి. రెండో టికెట్‌లో బయలుదేరే తేదీ, సమయం పైకి చదవండి. సమయం మాత్రమే కాదు, తేదీ కూడా. ఆ తర్వాతే కింది సంగతులు చూడండి.

సమస్య: పాయింట్లు కనిపిస్తున్నాయి, కానీ టికెట్‌కు వాడుకోనివ్వడం లేదు

బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పాయింట్లు ఉన్నంత మాత్రాన అవి రైలు టికెట్‌కు సిద్ధంగా ఉన్నట్టు కాదు. ఎస్‌బీఐ కార్డు అయితే లాయల్టీ సంఖ్యను (మీ పాయింట్ల ఖాతాను గుర్తించే సంఖ్య) మీ ఐఆర్‌సీటీసీ ఖాతాకు జతచేయాలి. ఆ పని చేయకపోతే పాయింట్ల ఎంపికే రాదు. భార్య పేరున కార్డు ఉండి, భర్త లాగిన్‌తో టికెట్ తీస్తున్నా అదే పరిస్థితి. ఏ లాగిన్‌కు జతచేశారో ఆ లాగిన్‌తోనే టికెట్ తీయాలి.

పాయింట్లు అసలు పెరగడమే లేదంటే మీరు తీసే టికెట్ల తరగతి చూడండి. ఆ కార్డుల్లో పెద్ద మొత్తంలో పాయింట్లు వచ్చేది ఏసీ తరగతులకే. ఏడాదంతా స్లీపర్‌లో తిరిగి పది శాతం వెనక్కి రాలేదని అనుకుంటే లాభం లేదు. ఒక పాయింటు ఒక రూపాయితో సమానం. ఈ లెక్క తెలిస్తే ఏ టికెట్‌కు వాడాలో మీరే నిర్ణయించుకోవచ్చు.

సమస్య: స్టేషన్‌కు వెళ్లేసరికి రెండో రైలు ముందురోజు రాత్రే వెళ్లిపోయింది

దీని గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి. కుటుంబాలు నడిరాత్రి ప్లాట్‌ఫారం మీద సామానుతో నిలబడిపోయేది దీనివల్లనే.

ఉదాహరణకు మీ మొదటి రైలు 14వ తేదీ శనివారం రాత్రి 22:30కి విజయవాడ చేరుతుంది. రెండో రైలు అక్కడ 00:40కి. రెండు గంటల పది నిమిషాల వ్యవధి, బాగానే ఉందనిపిస్తుంది. టికెట్ కోసం వెతికేటప్పుడు తేదీ దగ్గర 14 అని పెడతారు, ఎందుకంటే ప్రయాణం శనివారం రాత్రి కదా. జాబితాలో 00:40 రైలు కనిపిస్తుంది, బెర్తులు కూడా ఉంటాయి. పాయింట్లు పెట్టి తీసేస్తారు. కానీ 14వ తేదీ 00:40 అంటే శుక్రవారం అర్ధరాత్రి దాటిన నలభై నిమిషాలకు. మీరు విజయవాడలో దిగడానికి దాదాపు ఇరవై రెండు గంటల ముందే ఆ రైలు వెళ్లిపోతుంది. మీకు కావలసింది 15వ తేదీ టికెట్.

మన ఇళ్లలో తెల్లవారేదాకా ముందురోజు కిందే లెక్క. పంచాంగంలో వారం సూర్యోదయంతో మొదలవుతుంది. రాత్రి ఒంటిగంటకు రైలంటే "శనివారం రాత్రి రైలు" అనే అంటాం. రైల్వేకు మాత్రం 00:00 దాటిందంటే తేదీ మారినట్టే.

పాయింట్లతో టికెట్ తీసేవారు ఇందులో ఎక్కువగా చిక్కుకోవడానికి కారణం ఉంది. వారు రెండు టికెట్లూ ఒకేసారి తీయరు. మొదటిది డబ్బు కట్టి ఎప్పుడో తీస్తారు. రెండోదానికి పాయింట్లు సరిపడా అయ్యాక, ఇంకో రోజు, ఒక్కోసారి ఇంకో లాగిన్ నుంచి తీస్తారు. ఆ రెండింటినీ కలిపి చూసి "ఇవి పొసగవు" అని చెప్పే యంత్రం లేదు. మీరే చూసుకోవాలి.

సరిచేసే పద్ధతి ఇది. తప్పు తేదీ రైలు ఇంకా వెళ్లలేదా? ముందుగా సరైన తేదీకి బెర్తు ఉందేమో చూసి, ఉంటే వెంటనే తీసుకోండి. ఆ తర్వాతే తప్పు టికెట్ రద్దు చేయండి. చాలామంది ముందు రద్దు చేసి, ఆ తర్వాత వెతుకుతారు. ఈలోగా ఉన్న బెర్తు పోతుంది. మీ పాయింట్లు తప్పు టికెట్‌లో ఇరుక్కుని ఉంటాయి కనుక సరైన టికెట్‌కు అప్పటికి డబ్బే కట్టాల్సి రావచ్చు. పాయింట్లు మిగుల్చుకోవాలని ఆగకండి. చార్టు (ఎవరికి ఏ బెర్తో చెప్పే జాబితా) తయారయ్యాక ఈ-టికెట్‌ను మామూలుగా రద్దు చేయడం కుదరదు, టీడీఆర్ (డబ్బు వెనక్కి ఇమ్మని రైల్వేకు పెట్టే అర్జీ) ఒక్కటే దారి. రైలు సమయానికే వెళ్లిపోయి మీరే ఎక్కలేదంటే, ఆ టీడీఆర్ మీద ఆశ పెట్టుకోవద్దు.

అర్ధరాత్రి లెక్క ఇంకో రెండుచోట్ల కూడా దెబ్బతీస్తుంది. ఈ రెండింటినీ వేరే జబ్బులనుకుంటారు, కానీ మూలం అదే.

ఒకటి, తత్కాల్. విజయవాడలో 15వ తేదీ 00:40కి ఎక్కే రైలు విశాఖపట్నంలో 14 సాయంత్రం బయలుదేరిందనుకోండి. తత్కాల్ తెరిచే రోజును రైలు మొదలయ్యే స్టేషన్ తేదీ నుంచి లెక్కిస్తారు. అంటే 13వ తేదీనే, ఏసీకి ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు తెరుస్తారు. మీ టికెట్ మీద 15 అని ఉంటుంది కనుక 14వ తేదీ ఉదయం ఫోను పట్టుకుని కూర్చుంటారు. అప్పటికి తెరిచి ఒక రోజు అయిపోయింది. సర్వర్ నెమ్మదిగా ఉందని తిట్టుకోవడంలో అర్థం లేదు. మామూలు రిజర్వేషన్‌కూ ఇదే సూత్రం. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు గడువు 60 రోజులు. అదీ రైలు మొదలయ్యే తేదీ నుంచే. రైలు మీ స్టేషన్‌కు మర్నాడు వస్తుంటే మీకు ఒక రోజు ముందే తెరుచుకుంటుంది. ఇది మీకు లాభం. తెలిసినవాళ్లు వాడుకుంటున్నారు.

రెండు, రైలు ఎక్కడుందో చూడటం. రైళ్లు ఎక్కడున్నాయో చూపే రైల్వే సేవ ఎన్‌టీఈఎస్‌లో మీ రైలు సంఖ్య వేస్తే "గమ్యం చేరింది" అని వస్తుంది. గుండె ఆగినంత పనవుతుంది. మీరు చూస్తున్నది ముందురోజు బయలుదేరిన రైలు. మొదలైన తేదీ మార్చి మళ్లీ చూడండి. రెండు రాత్రులు నడిచే దూరప్రాంత రైళ్లలో ఒకే సంఖ్యతో రెండు మూడు రైళ్లు ఒకేసారి దారిలో ఉంటాయి. మీది ఏదో మొదలైన తేదీయే చెబుతుంది.

సమస్య: రెండు పీఎన్‌ఆర్‌లు జతపడటం లేదు

2019 ఏప్రిల్ 1 నుంచి రెండు వేర్వేరు టికెట్లను ఒకే ప్రయాణంగా జతచేసే వీలుంది. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పితే రెండో టికెట్ డబ్బు కోత లేకుండా వెనక్కి రావాలంటే ఇది చేసుకోవాలి. చాలామంది చేసుకోరు, చేసుకోబోతే కుదరదు. కుదరకపోవడానికి మామూలు కారణం ప్రయాణికుల వివరాలు. పాయింట్ల టికెట్‌ను తండ్రి ఖాతా నుంచి, డబ్బు టికెట్‌ను కొడుకు ఖాతా నుంచి తీస్తే, ఒకదానిలో పూర్తి పేరు, ఇంకోదానిలో పొడి అక్షరాలు ఉంటాయి. వయసులో ఒక ఏడాది తేడా ఉంటుంది. రెండింటిలోనూ పేరు, వయసు, లింగం అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉండాలి. రెండో టికెట్ తీసేటప్పుడు మొదటి టికెట్‌ను ఎదురుగా పెట్టుకుని టైపు చేయండి.

మరో కారణం స్టేషను. దిగేది సికింద్రాబాద్, ఎక్కేది చర్లపల్లి అయితే అక్కడే ఆగి ఆలోచించాలి. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక, సికింద్రాబాద్ పునర్నిర్మాణం వల్ల కొన్ని రైళ్లు అటు మారాయి. పాత అలవాటుతో సికింద్రాబాద్‌లోనే దొరుకుతుందనుకుంటే రాత్రి పదకొండు గంటలకు ఆటో వెతుక్కోవాలి. విశాఖ వెళ్లేవారు కూడా దువ్వాడ దగ్గర ఇలాగే జాగ్రత్తపడాలి. కొన్ని దూరప్రాంత రైళ్లు విశాఖలోకి రాకుండా దువ్వాడ మీదుగా వెళ్లిపోతాయి.

సమస్య: మొదటి రైలు ఆలస్యమైంది, రెండోది తప్పిపోయింది

జతచేసి ఉంటే మొదటి రైలు దిగిన వెంటనే పని మొదలుపెట్టండి. కౌంటరు టికెట్ అయితే మొదటి రైలు వాస్తవంగా చేరిన మూడు గంటల్లోపు ఆ స్టేషన్‌లోనే అప్పగించాలి. ఈ-టికెట్ అయితే టీడీఆర్ పెట్టాలి. నిద్రపోయి పొద్దున్నే చూద్దామనుకుంటే గడువు దాటుతుంది. ఆలస్యం రైలుదై ఉండాలి, మీది కాదు.

జతచేయకపోతే చేయగలిగింది తక్కువ. అందుకే రాత్రి మార్పులకు రెండు గంటల కన్నా తక్కువ వ్యవధి ఎప్పుడూ ఒప్పుకోకండి. నాలుగు గంటలైతే ఇంకా మంచిది. నడుము వాల్చాలంటే విశ్రాంతి గదులు ఉన్నాయి. ఖాయమైన పీఎన్‌ఆర్‌తో ముందే బుక్ చేసుకోవచ్చు. పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే అది ఖర్చు అనుకోవద్దు.

ఇక అరుదైనవి. రెండో ఈ-టికెట్ పూర్తిగా వెయిటింగ్ లిస్టులోనే ఉండిపోతే చార్టు వేసినప్పుడు దానంతటదే రద్దవుతుంది. ఆ రైలెక్కితే టికెట్ లేనట్టే. ఓటీపీ రాకపోవడం, చెల్లింపు పేజీ మధ్యలో ఆగిపోవడం వంటివి కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తే సర్దుకుంటాయి. అయితే పేజీ ఆగిపోయినప్పుడు రెండోసారి టికెట్ తీసేముందు బుకింగ్ చరిత్ర తెరిచి, మొదటిది నిజంగా పడలేదా అని చూడండి.